నవాబును లేపిన వైండింగ్ అక్క

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో ఉండేది కాదు. ఇరవై రెండేళ్ల వయసు, జేబులో ఫోను, ఫోనులో అడిగినవన్నీ చూపించే వీడియోలు. ఎవరైనా ఏదైనా చెప్పబోతే వాళ్ల మాట సగంలో ఉండగానే "తెలుసు" అనేవాణ్ణి. (ఇప్పుడు ఆ మాట అనే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాను. చాలాసార్లు అనకుండానే ఊరుకుంటాను.) శంషాబాద్ పాత బజారు వెనక, చర్చి గోడను ఆనుకుని ఉన్న గల్లీలో మా ఇల్లు. బాపు, అంటే మా నాన్న, బడంగ్‌పేట్ వైపు కొత్తగా లేస్తున్న కాలనీల్లో తాపీ పనికి పోయేవాడు. నేను విమానాశ్రయంలో, విమానాల కడుపులోకి పెట్టెలు ఎక్కించే పనిలో తాత్కాలికంగా చేరి ఆరు నెలలైంది. నా కలల్లా ఒకటే. ఆ పెట్టెల బండ్లను వరసగా తగిలించుకుని లాక్కుపోయే చిన్న ట్రాక్టరు నడపాలి. అంతెత్తు రెక్కల కింద నుంచి, ఒంటి చేత్తో స్టీరింగు తిప్పుతూ, ఏమీ పట్టనట్టు పోయే ఆ డ్రైవర్లను చూస్తూ చేతిలోని పెట్టెను మరిచిపోయేవాణ్ణి. దానికి పరీక్ష పెడతారు. పాసైతే డ్రైవరు కార్డు, దానితో పాటు గట్టి ఉద్యోగం.

కారు కొన్నది ఆ పరీక్ష కోసమేనని ఇంట్లో చెప్పాను. చెయ్యి స్టీరింగుకు అలవాటు పడాలి కదా అని నా వాదన. (అసలు సంగతి, నాతో పదో తరగతి చదివినవాళ్లందరిలో ముందుగా కారు కొన్నవాణ్ణి నేనే కావాలని.) అత్తాపూర్‌లో ఉండే మా మేనమామ తన పాత కారును అమ్ముతున్నాడని తెలిసి, ఆరు నెలలు కూడబెట్టింది మొత్తం పట్టుకెళ్లి ఆయన చేతిలో పెట్టాను. అప్పటికే అది ముగ్గురి చేతులు మారింది. అయితేనేం, అమ్మే ముందు మామ దానికి పైనుంచి కింద దాకా, బానెట్ లోపలితో సహా, నిగనిగలాడే మెరూన్ రంగు కొట్టించాడు. తాళం చెవి ఇస్తూ, "రంగు జూసినవా అల్లుడా, పెండ్లికి పోతున్నట్టున్నది" అన్నాడు. నాకూ అలాగే కనిపించింది. ఆ రంగు వెనక ఏముందో చూడాలన్న ఆలోచనే రాలేదు.

మొదటి వారం బాగానే ఉంది. రెండో వారం నుంచి, పొద్దున ఐదింటికి తాళం తిప్పితే లోపల ఎక్కడో "టక్" అని ఒక్క చప్పుడు. అంతే. మళ్లీ తిప్పితే మళ్లీ టక్. మూడోసారి, నాలుగోసారి, ఒక్కోసారి పదోసారి లేచేది, లేదంటే అసలు లేచేదే కాదు. "గిది కారు గాదు బిడ్డా, నవాబు. పొద్దుగాల లేవదు" అన్నాడు బాపు. ఆ పేరు గల్లీ అంతా పాకిపోయింది. రోజూ టిఫిను డబ్బా సీట్లో పడేసి బాపు వెనక నుంచి తోసేవాడు, పాలు పోసే ఆయన క్యాన్లు దించి ఒక చెయ్యి వేసేవాడు, చర్చి గేటు తీయడానికి వచ్చిన పాటల మాస్టారు ప్రార్థన చేసుకుంటూనే భుజం ఆనించేవాడు. చర్చి ముందున్న వాలు దాకా తీసుకెళితే నవాబు గుర్రుమంటూ లేచి, వాళ్లందరి ముఖాల మీద పొగ వదిలి, నన్ను తీసుకుని వెళ్లిపోయేది. సాయంత్రం తిరిగొచ్చాక వాలులో చోటు దొరికేదాకా గల్లీ చుట్టూ తిరుగుతుండేవాణ్ణి. నాకు వాలు ఉన్న నేలంటే ఎంత గౌరవం పెరిగిందో చెప్పలేను.

పెద్ద గ్యారేజీకి తీసుకుపోయే స్తోమత లేదు. కానీ నాకు అన్నీ తెలుసు కదా. వీడియోలు చూసి ముందు బ్యాటరీ మీద అనుమానపడ్డాను. తెలిసినవాళ్ల దగ్గర మంచి బ్యాటరీ అడిగి తెచ్చి పెట్టాను. టక్. ప్లగ్గులు తీసి తుడిచాను. టక్. ఎవరో చెప్పారని తాళం రంధ్రంలో కొబ్బరినూనె చుక్కలు కూడా వేశాను. (వారం రోజులు నా జేబులో అన్నిటికీ ఆ వాసనే.) చివరికి తేల్చేశాను. చెడిపోయింది సెల్ఫు, అంటే ఇంజన్ను మొదట తిప్పి లేపే ఆ చిన్న మోటారు. ఒక గురువారం సాయంత్రం కారు కింద మూడు గంటలు పడుకుని దాన్ని ఊడదీశాను. కొత్తది కొనే మాట లేదు కాబట్టి, లోపలి రాగితీగ మార్పించి మళ్లీ చుట్టించాలని నిర్ణయించాను. బజారులో బోరుమోటార్ల వైండింగ్ దుకాణం ఒకటుంది. కానీ అది తెరిచేది పదింటికి, నా డ్యూటీ ఆరింటికి. అందుకని శుక్రవారం పొద్దున ఆ సెల్ఫును పాత టవల్లో చుట్టి, భోజనం బ్యాగులో పప్పు డబ్బా పక్కన పెట్టుకుని, షేర్ ఆటో ఎక్కి పనికి పోయాను. డ్యూటీ దిగాక దుకాణంలో ఇద్దామని.

విమానాశ్రయంలో సిబ్బంది గేటు దగ్గర మా బ్యాగులను కూడా యంత్రంలోంచి పంపి చూస్తారన్న సంగతి, ఆరు నెలలుగా రోజూ పంపుతున్న నాకు ఆ ఉదయం గుర్తు రాలేదు. తెర మీద ఏం కనిపించిందో నేను చూడలేదు, చూసిన జవాను ముఖం మాత్రం చూశాను. నన్ను రెండడుగులు వెనక్కి జరగమన్నారు. తర్వాత ఇంకో పదడుగులు. ఒక పెద్ద అధికారి వచ్చి హిందీలో అదేమిటని అడిగాడు. సెల్ఫ్ అన్నాను. నీదే అని తెలుసు, ఏమిటో చెప్పమన్నాడు. సెల్ఫే సార్ అన్నాను. ఆయన ముఖం ఇంకా బిగిసింది. ఇలా ఇద్దరం నాలుగైదుసార్లు అనుకున్నాక, నేను చేత్తో తాళం తిప్పుతున్నట్టు అభినయించి, నోటితో "టక్" అని చప్పుడు చేశాను. అప్పుడు మాత్రం అక్కడున్న జవాన్లందరూ ఒకేసారి వెనక్కి జరిగారు. గంటన్నర తర్వాత మా సూపర్‌వైజర్ సారు వచ్చి నన్ను విడిపించుకున్నాడు. ఆయన ఏమీ తిట్టలేదు, అదే భయమేసింది. బుధవారం ట్రాక్టరు పరీక్షకు నా పేరు రాశాననీ, ఈలోగా ఇంకొక్క రోజు ఆలస్యమైనా ఆ పేరు కొట్టేస్తాననీ మెల్లగా చెప్పి వెళ్లిపోయాడు.

సాయంత్రం దుకాణానికి వెళితే, నేల మీద రాగితీగల మధ్య కూర్చుని ఒకావిడ బోరుమోటారు చుడుతోంది. నలభై దాటిన మనిషి, కొంగు నడుముకు దోపి, కళ్లద్దాలు ముక్కు చివరికి దించుకుని ఉంది. బజారులో అందరూ ఆమెను వైండింగ్ అక్క అంటారని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం, మేస్త్రి లేడా అని అడిగాను. ఆమె కళ్లద్దాల పైనుంచి చూసి, "ఉన్నది, చెప్పు" అంది. టవలు విప్పి సెల్ఫు ముందు పెట్టి, లోపల తీగ కాలిపోయింది, మొత్తం మార్చాలని నిపుణుడిలా చెప్పాను. ఆమె దాన్ని కాలితో అదిమి పట్టి, పక్కనున్న బ్యాటరీ నుంచి రెండు వైర్లు తెచ్చి అంటించింది. గుయ్యిమని అది ఎగిరిపడినంత పని చేసింది. "మంచిగున్నదాన్ని కోయమంటవేంది తమ్మీ" అని వైర్లు తీసేసింది.

నేను నోరు తెరిచేలోగా ఆమె అడిగింది, హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పితే అవి బాగా తగ్గిపోతున్నాయా అని. తగ్గడం లేదు, వెలుగు అలాగే ఉంటోంది అన్నాను. ఆమె చేతిలోని తీగను వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పింది. తర్వాత, ఎవరో మూడో మనిషికి చెబుతున్నట్టు అంది:

"నాకు కార్లు తెల్వయి, కరెంటు తెలుసు. బ్యాటరీ మంచిది, సెల్ఫు మంచిది, ఇగ రోగం నడుమ ఉన్నట్టు. కరెంటు పొయ్యే తొవ్వ అందరు జూస్తరు. అది తిరిగొచ్చే తొవ్వ ఎవ్వలు జూడరు."

నాకు ఆ క్షణంలో "తెలుసు" అన్న మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. వంద వీడియోలు చూశాను, ఒక్కదానిలోనూ ఎవరూ ఇంత చిన్న మాటలో చెప్పలేదు. కారు తీసుకురమ్మంది. సెల్ఫు లేకుండా ఎలా వస్తుందక్కా అన్నాను. ఆమె మొదటిసారి నవ్వింది. ఆదివారం తనే వస్తానంది.

ఆదివారం ఆరాధన ముగిసి జనం బయటికి వస్తున్న వేళకు ఆమె స్కూటీ మీద వచ్చింది. నవాబు చుట్టూ అప్పటికే గల్లీ సగం చేరింది. ఆమె ముందు చేతి గాజులు తీసి మా అమ్మకు ఇచ్చింది. సెల్ఫును నా చేతనే మళ్లీ బిగింపించింది. హెడ్‌లైట్లు వేయించి, నన్ను తాళం తిప్పుతూ ఉండమంది. టక్. టక్. టక్. ఆమె బానెట్ లోపలికి వంగి, కళ్లు మూసుకుని, అరచేతిని వైర్ల మీద మెల్లగా జరుపుకుంటూ పోయింది, జ్వరం వచ్చిన పిల్లవాడి ఒళ్లు చూసినట్టు. పైన ఒక విమానం దిగుతూ పోయింది, ఆ చప్పుడు పోయేదాకా ఆగి మళ్లీ తిప్పమంది. ఒకచోట చెయ్యి నిలిచింది. "ఇక్కడ చెయ్యి పెట్టు తమ్మీ" అంది. పెట్టాను. చురుక్కుమంది. మిగతా వైర్లన్నీ చల్లగా ఉంటే, ఇంజన్ నుంచి కారు బాడీకి పోయే ఒక అల్లిక వైరు, దాన్ని బిగించిన బోల్టు మాత్రం కాలుతున్నాయి. అది ఎర్త్ వైరట, కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే దారి అదేనట. నేను ఆ వైరును అప్పటికి ఎన్నిసార్లు తుడిచానో లెక్కలేదు, అదేమిటని ఒక్కసారీ అనుకోలేదు.

బోల్టు విప్పింది. వైరు ఆనుకునే చోట, ఇనుము కనిపించాల్సిన చోట, మా మామ ప్రేమగా కొట్టించిన మెరూన్ రంగు దట్టంగా ఉంది. వైరు కొసకేమో పచ్చటి చిలుము. రంగులోంచి కరెంటు దాటలేక ఆగిపోతోందన్నమాట. నవాబు నిద్రపోవడం లేదు, పాపం లేవడానికి రోజూ తన వంతు ప్రయత్నం తను చేస్తూనే ఉంది. ఆమె సంచిలోంచి గరుకు కాగితం తీసి ఆ చోటును తళతళలాడేదాకా రుద్దింది, చిలుము పట్టిన వైరు పడేసి తన దగ్గరున్న మందపాటి రాగివైరు ముక్క వేసి బిగించింది, పైన కొంచెం గ్రీజు పూసింది. పావుగంట పని. ఇగ తిప్పు అంది. నేను తాళం పూర్తిగా తిప్పానో లేదో, నవాబు గర్జించింది. గల్లీలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అందరూ అలా చూస్తూ నిలబడిపోయారు. పాటల మాస్టారు మాత్రం మెల్లగా "స్తోత్రం" అన్నాడు.

బుధవారం పరీక్షకు ఆలస్యమయ్యేవాణ్ణే. ఎందుకంటే పొద్దున నాలుగున్నర నుంచి నవాబును ఆపుతూ, లేపుతూ, మళ్లీ ఆపుతూ కూర్చున్నాను. ప్రతిసారీ అదే ఆశ్చర్యం. చివరికి బాపు బయటికి వచ్చి, "అది లేసింది గని నువ్వు పో బిడ్డా" అని గేటు తీశాడు. పరీక్ష పాసయ్యాను. మొదటిరోజు ఆ చిన్న ట్రాక్టరు మీద కూర్చుని, వెనక నాలుగు బండ్లతో, ఎండలో తెల్లగా మెరిసే రెక్క కిందుగా పోతుంటే, పక్కకు చూడకుండా ఏమీ పట్టనట్టు ఉండాలని ఎంత అనుకున్నా, నా తల దానంతటదే పైకి లేచింది.

ఆ సాయంత్రం మిఠాయి డబ్బా తీసుకుని దుకాణానికి వెళ్లాను. ఆదివారం ఆమె కూలి తీసుకోలేదు, వైరు ముక్కకు మాత్రం తీసుకుంది. నేను విమానాల గురించి గొప్పలు మొదలుపెట్టాను. ఆమె చుట్టడం ఆపకుండానే వింటూ, తలెత్తి అడిగింది: "ఇన్నేండ్ల సంది నెత్తి మీంచి పోతున్నయి, ఎవ్వలనడిగినా చెప్తలేరు. అంత పెద్ద విమానం ఇంజను ఎట్ల స్టార్ట్ అయితది తమ్మీ?"

నాకు తెలియదు. రోజూ దాని కింద తిరుగుతాను, ఒక్కసారీ ఆ ప్రశ్న తట్టలేదు. అక్కడ మొదటిసారి ఆ మాట బయటికి అన్నాను, నాకు తెల్వదక్కా అని. అన్నాక ప్రాణం ఎంత తేలికపడిందో.

మర్నాడు విమానాలు మరమ్మతు చేసే ఇంజనీరు ఒకాయన దగ్గర ధైర్యం చేసి అడిగాను. గోదావరి వైపు మనిషి, అందరినీ అండీ అని పిలిచేవాడు. ఆయన ఓపికగా చెప్పాడు. తోక చివర ఇంకో చిన్న ఇంజను ఉంటుందట, ముందు అది లేస్తుందట, అది గాలిని బలంగా పంపితే ఆ గాలికి పెద్ద ఇంజను తిరగడం మొదలవుతుందట. ఆ సాయంత్రం పరుగున వెళ్లి వైండింగ్ అక్కకు అప్పజెప్పాను. ఆమె పని ఆపేసింది. కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. "గాలితోనా" అంది. ఆదివారం బానెట్ ముందు నేనెలా నిలబడ్డానో, ఆమె ముఖం ఇప్పుడు అలా ఉంది. తర్వాత, మరి ఆ చిన్నదాన్ని ఎవరు లేపుతారని అడిగింది. అదీ కనుక్కునే వచ్చాను కాబట్టి, దానికి బ్యాటరీ ఉంటుందట అక్కా అన్నాను.

"బ్యాటరీ ఉన్నదంటే ఎర్త్ ఉంటది. జర అది జూసుకొమ్మను మీవోళ్లను" అంది.

ఆమె నవ్వుతూ అందో, నిజంగానే అందో నాకు ఈనాటికీ తెలియదు. ఇరవై రెండేళ్లవాణ్ణి కదా, మర్నాడు పొద్దున్నే నిజంగానే వెళ్లి ఆ ఇంజనీరుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ఒక్క క్షణం నా వైపు చూసి, నవ్వకుండా, "తప్పకుండా చూసుకుంటామండీ, ఆవిడకు చెప్పండి" అన్నాడు. నేను ఆ జవాబు కూడా మోసుకెళ్లి ఆమెకు చేరవేశాను. ఆమె మంచిదన్నట్టు తలూపి మళ్లీ తీగ చుట్టడం మొదలుపెట్టింది. ఇద్దరు పెద్దవాళ్ల మధ్య అంత శ్రద్ధగా కబుర్లు మోసిన ఆ పిల్లవాడు, వేలాదిమంది క్షేమంగా గాలిలోకి లేస్తున్నది తన వల్లే అన్నంత గర్వంగా ఆ సాయంత్రం బజారు దాటి ఇంటికి నడిచి వెళ్లాడు. వాడికి అప్పుడు ఏమీ తెలియదు. అయినా వాణ్ణి తలచుకుంటే ఎందుకో ఇవాళ్టికీ ముచ్చటేస్తుంది.