తాలుకాయ తీసిన చేయి

మా అమ్మకు దేవుడంటే మొదట్లో భయం లేదు. ఆమెకు ఆయన ఇంట్లో మనిషి. కలుపు తీస్తూ ఆయనతో మాట్లాడేది, పొయ్యి రాజుకోకపోతే ఆయన మీదే విసుక్కునేది. అలాగని మర్యాద తెలియని మనిషి కాదు. చర్చిలోకి అడుగు పెట్టేముందు పాదాలమీది ఎర్రమట్టిని కొంగుతో తుడుచుకునేది. తనకు చదువు రాదు కాబట్టి రోజూ నా చేత బైబిలు వాక్యం చదివించుకునేది, చదివే ముందు చేతులు కడుక్కొచ్చానా లేదా అని వాసన చూసేది. భయం, భక్తి అని మా అయ్యగారు, అంటే మా చర్చి పాస్టరు, రెండు మాటలూ జంటగా పలికేవాడు. మా అమ్మకు భక్తి పుట్టుకతోనే ఉంది. భయం మాత్రం తర్వాత నేర్పించారు. ఒక్క పూటలో నేర్పించారు.

మాది ఉరవకొండ వైపు పల్లె. మా వీధిలో అందరూ కూలికి పోయేవాళ్ళే. కొందరికి కొండవార ఎకరమో రెండెకరాలో వాన చేను ఉండేది, అలాంటి చెక్క ఒకటి మాకూ ఉంది. నాయన బెంగళూరులో కట్టడాల పనికి పోయి క్రిస్మస్‌కు మాత్రం వచ్చేవాడు. మిగిలిన ఏడాదంతా చేనూ ఇల్లూ నేనూ అమ్మ నెత్తిమీదే. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు విత్తనం వేసినాక ఒకే ఒక్క వాన పడింది. చెనక్కాయ చెట్లు, అంటే వేరుశెనగ, ఎలాగో బతికి పూత పూశాయి. పూత రాలినాక ఊడలు నేలలోకి దిగాలి, దిగితేనే కాయ. నేల చూస్తే పార కూడా దిగనంత గట్టిపడింది. రోజూ మధ్యాహ్నం మబ్బులు వచ్చేవి, కొండమీది గాలిమరలు గిరగిరా తిరిగేవి, మబ్బులు కర్ణాటక వైపు వెళ్ళిపోయేవి.

చర్చిలో మూడు రోజులు ఉపవాస ప్రార్థన పెట్టారు. ముసలివాళ్ళు కూడా పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. వాన రాలేదు.

ఆదివారం అయ్యగారు వాక్యంలోంచి ఒక పాత కథ తీశాడు. ఎవడో ఒకడు దొంగసొమ్ము డేరాలో పాతిపెట్టుకున్నాడట, వాడొక్కడి వల్ల జనమంతా యుద్ధంలో ఓడిపోయారట, చివరికి చీట్లు వేసి వాడిని పట్టుకున్నారట. వాణ్ణి ఏం చేశారో కూడా రాళ్ళతో సహా వర్ణించి చెప్పాడు. మంచి గొంతు ఆయనది. నలభై మంది పట్టే రేకుల చర్చిలో కూడా మైకు లేనిదే మాట్లాడేవాడు కాదు.

"మన మధ్యలో కూడా ఎవరో దాచారు. అది బయటికి వచ్చేదాకా ఆకాశం తెరుచుకోదు," అన్నాడు.

చీట్లు వేద్దామంటే సగం మందికి చదువు రాదు. అప్పుడు సంఘపెద్దకు ఉపాయం తట్టింది. "చెనక్కాయ మీదే కదప్పా మన బతుకు. కాయలతోనే తేల్చుకుందాం," అని ఇంటికి పోయి, విత్తగా మిగిలిన కాయలను కుండలో పోసుకొచ్చాడు. అన్నీ గట్టి కాయలే ఏరినానన్నాడు. గింజ లేని తాలుకాయ ఒక్కటి మాత్రం అందరికీ చూపించి కుండలో వేసి కలిపాడు. ఇంటికొక మనిషి వచ్చి, కళ్ళు మూసుకుని, చేతికి మొదట తగిలిన కాయ తీసి ఒలవాలి. తాలుకాయ వచ్చినవాళ్ళే దాచినవాళ్ళు.

ముందు వరసలోని మగవాళ్ళు లేచారు. కాయ పగలడం, ఎర్రటి గింజలు అరచేతిలో రాలడం, జనం "స్తోత్రం" అనడం. అలా కొన్ని ఇళ్ళు అయ్యాయి. మా ఇంటి వంతు వచ్చినప్పుడు అమ్మ పెళ్ళిలో తాంబూలం తీసుకోబోతున్నట్టు నవ్వుకుంటూ లేచింది. ఆమెకేం భయం, తన దేవుడి కుండే కదా. కాయ తీసింది, నొక్కింది. పొట్టు తప్ప లోపల ఏమీ లేదు.

స్తోత్రం ఎవరూ అనలేదు. ఇంకా సగం ఇళ్ళవాళ్ళు కుండలో చేయి పెట్టనే లేదు. వాళ్ళతో ఇక పనేముంది? దొంగ దొరికాక మిగతా ఇళ్ళు ఎవడు సోదా చేస్తాడు?

"ఏం దాచావో చెప్పమ్మా," అన్నాడు అయ్యగారు.

"నేనేం దాచినా అయ్యగారూ? నాకు తెలీదే," అంది అమ్మ.

"దేవుడికి తెలిసింది. నువ్వు ఒప్పుకోవాలి."

అమ్మ ఎదురు తిరగలేదు. అదే నన్ను ఇప్పటికీ మండిస్తుంది. నిజంగానే నిలబడి తన బతుకంతా వెతుక్కోవడం మొదలుపెట్టింది. "పోయినేడు కూలోళ్ళతో లేపాక్షి పక్కకు పోయినప్పుడు, ఆడ ఒకామె ప్రసాదం పెడితే తింటిని. ఆకలిగా ఉండె," అంది.

"ఇంకా?"

"కూలికి పోయిన చేన్లో పిడికెడు కాయలు ఒడిలో ఏసుకొస్తిని, పాపకని."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ పని చేయని ఆడది మా వీధిలో లేదు. "దీనికంతా వాన ఆగదమ్మా," అన్నాడు అయ్యగారు.

"మా అత్తను తిడితిని. ఆయమ్మ చచ్చిపోయేలోగా మాఫీ అడగలేదు."

"పెద్దది చెప్పుమా, పెద్దది," అని సంఘపెద్ద గద్దించాడు.

సంతలో బేరం అది. ఆమె ఒక్కో మెట్టూ ఎక్కుతోంది, వాళ్ళకు చాలడం లేదు. రేకుల వేడికి పిల్లలు ఏడుస్తున్నారు. మూడు రోజులు పస్తున్న జనానికి ఇంటికి పోవాలని ఉంది. మా పక్కింటామె, ఎప్పుడూ అమ్మతో కలిసి కూలికి పోయే మనిషి, బతిమాలుతూ అంది: "చెప్పెయ్ వదినా, నీకు పుణ్యముంటాది. చెట్లు ఎండిపోతాండాయి."

అమ్మ ఆమె వైపు చూసింది. తర్వాత నేల వైపు చూసింది. అంతకు రెండేళ్ళ ముందు నా తమ్ముడు పోయాడు. మూడు నెలల పసివాడు, జ్వరంతో అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోతుండగా ఆటోలోనే పోయాడు. ఆ సంగతి అందరికీ తెలిసిందే. ఎవరికీ తెలియనిది ఇప్పుడు చెప్పింది.

"పిల్లోన్ని పూడ్చిపెట్టి వచ్చినాక, ఇంట్లో గోడ పక్కకు తిరుక్కోని దేవున్ని అంటిని. నువ్వు లేవు అంటిని. ఉంటే నీకు కండ్లు లేవు అంటిని. నీ బిడ్డైతే తెలుస్తుండె నీకు, అంటిని."

ఆ మాటను ఆమె పక్కనే పడుకునే నేను కూడా వినలేదు. నాయనకు చెప్పలేదు. ఒక్క దేవుడికీ ఆమెకూ మధ్య ఉన్న ఏడుపు అది. దాన్ని పెరికి తెచ్చి నలభై మంది ముందు పెట్టింది.

"స్తోత్రం!" అన్నాడు అయ్యగారు మైకులో.

జనమంతా ఒక్కసారిగా ఊపిరి వదిలారు. "దొరికినాది," అన్నాడు సంఘపెద్ద తృప్తిగా. ఆ నిమిషాన వాళ్ళందరినీ నేను అసహ్యించుకున్నాను. ఆ అసహ్యం ఇంకా కొంత నా దగ్గరే ఉంది. క్షమించమని నాకు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళెవరూ ఆ రోజు ఆ రేకుల కింద లేరు.

పంట ఇంటికొచ్చేదాకా అమ్మ చర్చి లోపలికి రాకూడదని, ప్రభువు బల్లలో అందరూ పంచుకుని తినే రొట్టె ముట్టకూడదని, బయట అరుగుమీద కూర్చోవాలని తీర్పు చెప్పారు. జనం లేచి వెళుతుంటే నేను కుండ దగ్గరికి పోయి మిగిలిన కాయల్ని వరసగా పగలగొట్టాను. వాటిలోనూ తాలుకాయలు ఉన్నాయి, ఒకటి కాదు. కరువు పంటలోంచి ఏరిన విత్తనం మరి, పైకి బాగానే కనబడుతుంది. ఆ పొట్టు దోసిట్లో పట్టుకుని అమ్మ దగ్గరికి పరిగెత్తాను.

"చూడుమా! ఈ కాయల్లోనూ తాలుండాయి! నీకొక్కదానికే కాదు!"

అమ్మ నా చేతిమీద ఒక్కటి కొట్టింది. పొట్టు నేలపాలైంది. "దేవుడు చెయ్యి పెట్టిన కుండలో నువ్వు చెయ్యి పెడతావా?" అంది. సంఘపెద్ద కూడా చూశాడు. "ఎండకు తాలైనాయిలే పాపా," అని కుండ చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. గంటలో ఎండకు కాయ తాలవడం నేనైతే ఎక్కడా వినలేదు.

ఇంతటితో ఆగి ఉంటే మా అమ్మ బతికిపోయేది. పిచ్చి జనం, పిచ్చి పని అని ఎప్పుడో ఒకప్పుడు నవ్వుకునేది. కానీ మర్నాడు సాయంత్రం వాన పడింది.

మామూలు వాన కాదు. వంకలు పారాయి. వీధిలో ఆడా మగా తడుస్తూ పాటలు పాడారు. మా ఇంటి ముందు మాత్రం ఎవరూ ఆగలేదు. అమ్మ గడపలో కూర్చుని వాననే చూస్తూ, "అయితే నేనే," అంది. ఆ ఒక్క మాటే. ఆ మాట అన్నప్పుడు ఆమె మొహంలో పోయినదేదో మళ్ళీ తిరిగి రాలేదు.

అయ్యగారి పేరు గోరంట్ల దాకా పాకింది. ఎక్కడ కూటం పెట్టినా మా అమ్మ కథే సాక్ష్యంగా చెప్పేవాడట, తమ్ముడి చావుతో సహా. అమ్మ ఆదివారం ఆదివారం అరుగుమీద మోకరించేది. రొట్టె పళ్ళెం లోపలే తిరిగి లోపలే ఆగిపోయేది. ఆ ఏడు మా చేను కూడా బాగా కాసింది. మొదటి మూట చర్చికి ఇచ్చింది, వాళ్ళు తీసుకున్నారు. మనిషికి అంటిన పాపం చెనక్కాయలకు అంటలేదు.

పంటయ్యాక లోపలికి రమ్మన్నారు. ఆమె రాలేదు. "ఈడనే బాగుండాదిలే అయ్యగారూ," అంది. కొన్నాళ్ళకు అయ్యగారు పట్నంలో పెద్ద చర్చికి వెళ్ళిపోయాడు. జనం మరిచిపోయారు. మరిచిపోయినవాళ్ళంతా ఇప్పుడు ఆమె భయభక్తులు చూసి పిల్లలకు ఆదర్శంగా చెబుతారు. అది వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది.

నేను ఇప్పుడు అనంతపురంలో టీచరును. వాన ఎలా పడుతుందో పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి చెబుతాను. అమ్మకూ చెప్పాను. శ్రద్ధగా విని, "అంతా సరే. మరి నేను ఒప్పుకున్న మర్నాడే ఎందుకు కురిసినాది?" అని అడిగింది. చర్చికి నేనూ పోతాను, మోకరిస్తాను, దేవుడంటే నాకూ భయభక్తులు ఉన్నాయి. బిడ్డను పోగొట్టుకున్న తల్లి గోడతో అన్న మాటకు ఊరిమీద వాన ఆపేవాడు ఆయన అని నమ్మితే, ఆయన్ను తిట్టినట్టే అని నా లెక్క. అమ్మకు నా లెక్క ఎక్కదు.

పోయిన ఏడాది నాకు కొడుకు పుట్టాడు. మా వీధిలో మనవడిని మొదటిసారి ఒళ్ళో వేసుకున్న అవ్వ, నెత్తిన చేయి పెట్టి ప్రార్థన చేయడం ఆనవాయితీ. మూడో నెలలో వాడిని తీసుకుపోయి అమ్మ ఒళ్ళో పడుకోబెట్టాను. వాడు ఆమె వేలు పట్టుకున్నాడు. ఆమె మొహం విచ్చుకుంది.

"ప్రార్థన చెయ్యిమా," అన్నాను.

చేయి ఎత్తింది. వాడి తలదాకా తెచ్చి, తగిలించకుండా ఆపేసింది.

"వద్దు పాపా. నా గొంతు ఆయనకు గుర్తుండాది," అంది చాలా చిన్నగా, ఎవరో వింటారని జంకుతూ. "ఈ పిల్లోడు నావోడని ఆయనకు తెలీకుండా ఉండనీ."

వాడి గుప్పిట్లోంచి వేలు మెల్లగా విడిపించుకుని, వాడిని నా చేతుల్లో పెట్టి బయటికి పోయింది. వాడు గుక్కపట్టి ఏడ్చినా లోపలికి రాలేదు.