పది లక్షల ఒకటి

నా చిన్నప్పుడు, బాన్సువాడలో ఏడో తరగతి చదివే రోజుల్లో, ఒక సంఖ్య నన్ను ఆదివారమంతా కాల్చుకుతిన్నది. పది లక్షల ఒకటి.

శనివారం మా లెక్కల సారు దాన్ని బోర్డు మీద రాశారు. మూడుతో భాగిస్తే రెండు మిగిలింది. ఏడుతో భాగించినా రెండే. పదకొండు, పదమూడు, వాటితో చేసినా అదే రెండు. "ఇది ప్రధాన సంఖ్య. ఒకటి, మల్ల ఇదే తప్ప ఇంకేదానితోని తెగది" అని తేల్చేసి సుద్దముక్క కింద పెట్టారు.

ఇంటికొచ్చి మా పెద్దమ్మకు గొప్పగా చెప్పాను. ఆమె ఏనాడూ బడి మొహం చూడలేదు. చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. "నాలుగు గింజలు చూసి రాళ్లు లేవంటరా బిడ్డా? మీ సారు అన్నీ చూసిండా?" అంది. నాకు ఒళ్లు మండింది. సారే చెప్పారంటే వినదు. "అయితే నువ్వు చూడు మరి" అని తన పనిలో పడింది.

ఆమె నోరు మూయించాలనే మర్నాడు పొద్దున్నే పలక ముందేసుకుని కూర్చున్నాను. పదిహేడుకు పది మిగిలింది. పంతొమ్మిదికి పన్నెండు. పలక తుడిచి తుడిచి చేతులు నల్లబడ్డాయి. ఎనభై తొమ్మిది దగ్గర ఇంకో మూడుంటే తెగేది, అక్కడ ఏడుపొచ్చింది. తొంభై ఏడుకు ఇరవై ఎనిమిది మిగిలేసరికి బలపం విసిరికొట్టాను.

"నూరు దాక చూసిన. లేదు! ఇగ నన్ను ఇడిసిపెట్టు పెద్దమ్మా!"

"నూరు కాడ గోడ కట్టిండ్రా ఏంది?" అంది, తలైనా ఎత్తకుండా.

ఆ కోపంలోనే బలపం వెతికి తెచ్చి నూట ఒకటితో వేశాను. ఏమీ మిగల్లేదు. తొమ్మిది వేల తొమ్మిది వందల ఒకటి సార్లు సరిగ్గా పోయింది. మూడుసార్లు వేసి చూసుకున్నాక భయం పట్టుకుంది. రేపు సారుకు చెప్పాలి. ఆయన బెత్తం సంగతి క్లాసులో తెలియనివాళ్లు లేరు.

సోమవారం లేచి నిలబడి, సగం గొంతుతో చెప్పాను. సారు మొహం ఎర్రబడింది. "నూట ఒకటా?" అంటూ బోర్డు వైపు తిరిగి భాగించారు. సున్నా వచ్చింది. తర్వాత మా వైపు తిరిగి, "నేను చూడకుండ చెప్పిన. తప్పు నాది. గీ పిల్ల చూసింది" అన్నారు. అంతటితో ఆగలేదు. పక్క సెక్షన్‌లోనూ శనివారం అదే పాఠం చెప్పారట. అప్పటికప్పుడు వెళ్లి అక్కడా దిద్ది వచ్చారు.

ఇప్పుడు నా మనవరాలు ఫోనులో ఏదో వెతికి, "అమ్మమ్మా, నువ్వు చెప్పింది తప్పు" అంటుంది. రోజుకొకసారైనా అంటుంది. ఒళ్లు మండిపోతుంది. అయినా తప్పు నాదేనని ఒప్పుకుంటాను; ఆ తప్పు ఇంకెవరెవరికి చెప్పానో గుర్తు తెచ్చుకుని, ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తాను.