సత్తెమ్మగారు బాగున్నాయన్నారు

ఇది ఎప్పుడో రాయవలసింది. అక్షరాలు రాక రాయలేదు. యాభై దాటాక, తెలంగాణ వచ్చిన ఏడాది, ఉప్పల్‌లో మా వీధి బడిలో సాయంత్రాలు కూర్చుని నేర్చుకున్నాను. మొన్న ఒక మధ్యాహ్నం పక్కింటివాళ్ళు ధనియాలు వేయిస్తుంటే ఆ వాసన కిటికీలోంచి ఇల్లంతా నిండింది. చేస్తున్న పని వదిలేసి, ట్రంకుపెట్టె అడుగున ఎనిమిదేళ్ళుగా పడి ఉన్న శేషకుమారి పుస్తకం బయటికి తీశాను.

అప్పట్లో నేను నాచారంలో ఒక మసాలా పొడుల మిల్లులో పనిచేసేదాన్ని. జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చి చేరి పదేళ్ళయింది. మూట విప్పగానే సరుకు పాతదో కొత్తదో, తడి తగిలిందో లేదో వాసనతోనే చెప్పేదాన్ని. సేటు నన్ను ‘ముక్కమ్మా’ అనే పిలిచేవాడు. సూపర్‌వైజరు పని ఖాళీ అయినప్పుడు అది నాకే వస్తుందనుకున్నాను. భీమవరం వైపు నుంచి వచ్చిన శేషకుమారికి ఇచ్చారు. నాకంటే పదేళ్ళు చిన్నది. ఆమెకు ఉన్నదీ నాకు లేనిదీ చదువొక్కటే. జడలో పెన్ను గుచ్చుకుని తిరిగేది. ఆ పెన్ను చూస్తే నాకు అన్నం సయించేది కాదు.

ఓసారి గోదాములో ఎలుక చచ్చింది. మేమంతా ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తాం. ఆమె మాత్రం మూటల పక్కనే కూర్చుని తాపీగా పులిహోర తింటోంది.

“సూడక్కా, ఎట్ల తింటున్నదో! దానికి ముక్కున్నదా, లేదా?” అంది నాతో పనిచేసే యాదమ్మ.

“ఎండుచేపల నడుమ పుట్టినోళ్ళకు ఎలుకొక లెక్కనా?” అన్నాను, ఆమెకు వినబడేలా.

శేషకుమారి తలెత్తి, “రండి సత్తెమ్మగారూ, ఓ ముద్ద తిందురుగాని,” అంది. అందరూ నవ్వారు. నాకు ఇంకా మండింది. ఎంత పొగరు అనుకున్నాను.

రోజూ పొద్దున్నే ధనియాలో జీలకర్రో గుప్పెడు పట్టుకుని నా దగ్గరికి వచ్చేది. “కాస్త చూసి చెప్పండి, ఎలా ఉన్నాయో.” నేను చెప్పగానే జడలోంచి పెన్ను తీసి పుస్తకంలో ఏదో రాసేది. నిన్నగాక మొన్న వచ్చి నన్నే పరీక్షిస్తోందని ఉడికిపోయేదాన్ని. “నా మీద సేటుకు సాడీలు రాస్తున్నది,” అని యాదమ్మతో అన్నాను. నాకే రాయడం వచ్చి ఉంటే ఆమె మీద అవే రాసేదాన్ని. అందుకే ఆమె రాసేదీ అవేనని అంత గట్టిగా నమ్మాను.

ఒక వానాకాలం గోదాము రేకులు కారి మూటలు తడిశాయి. పైకి ఆరినట్టే ఉన్నాయి. గుప్పెడు ధనియాలు నా ముందుకు రాగానే బూజు వాసన గుప్పున కొట్టింది. ముందురోజే సేటు తన గదిలో ఆమెకు కుర్చీ వేయించాడు. పదేళ్ళలో నేను ఆ గదిలో ఒక్కసారీ కూర్చోలేదు.

“మంచిగున్నయ్,” అన్నాను.

“ఖాయమేనాండీ?”

“జెప్తున్న గద. నమ్మకుంటే నువ్వే సూస్కో.”

ఆమె చూసుకోలేదు. నవ్వి, రాసుకుంది.

ఆ వానలకు కొత్త మూటలేవీ రాలేదు. వారం తిరక్కుండానే ఆ పొడి దుకాణాల నుంచి వెనక్కి వచ్చేసింది. సేటు అందరినీ పిలిచి, “గీ సరుకు ఎవరు సూసిన్రు?” అని అరిచాడు. నేను యాదమ్మ వెనక్కి జరిగాను. “నేనేనండీ,” అంది శేషకుమారి. రేపటి నుంచి రావద్దన్నాడు.

సాయంత్రం గేటు దగ్గర నా కోసం ఆగింది. “నాకు వాసన తెలీదు సత్తెమ్మగారూ. పెళ్ళికి ముందు పెద్ద జ్వరం వచ్చింది, దాంతోనే పోయింది. ఆ సంగతి చెబితే మసాలా మిల్లులో పనెవరిస్తారు? మీ ముక్కు నమ్ముకునే నెట్టుకొచ్చాను.” చేతిలో పుస్తకం చూసుకుంటూ, “ఆ రోజు మీకు జలుబు చేసిందేమో కదండీ?” అంది.

“అవును, జలుబే,” అన్నాను.

తలూపి, పెన్ను తీసి పుస్తకంలో ఏదో గీకి, దాన్ని నా చేతిలో పెట్టింది. “నాకింకెందుకు? సగం ఖాళీయే. రాయడం నేర్చుకోండి. మీ ముక్కుకి రాత కూడా తోడైతే ఆ కుర్చీ మీదే.”

చదువుకోమని నాతో అన్న మనిషి ఆమె ఒక్కతే. కుర్చీ మాత్రం రాలేదు. ఈ ఎనిమిదేళ్ళూ నాకు ఒకటే ఊరట: ఆమెకు నిజం తెలిసే ఉంటుంది, నన్ను లోలోపల తిట్టుకునే ఉంటుంది, కాబట్టి ఆమె కూడా నాలాంటిదే. మొన్న ఆ మధ్యాహ్నం కూడబలుక్కుంటూ చదివాను. రోజుకొక వరుస. ‘సత్తెమ్మగారు పాతవన్నారు, పక్కన పెట్టించాను.’ ‘సత్తెమ్మగారు బాగున్నాయన్నారు.’ చివరి వరుసలోనూ అదే ఉంది. దాని పక్కన హడావిడిగా రాసిన మాట: ‘పాపం, ఆ రోజు జలుబట.’

ఆ గుండ్రటి అక్షరాలంటే నాకు ఇప్పటికీ అసూయే. కష్టపడితే అలా రాయడం ఎప్పటికైనా వస్తుందేమో. ఎదుటి మనిషిని అంత తేలిగ్గా మంచిదనుకోవడం ఆమెకెలా వచ్చిందో, అదే ఇంకా నా గుండెల్లో మండుతోంది.

ఆమె పీర్జాదిగూడలో ఉంటోందని యాదమ్మ ఎప్పుడో చెప్పింది. మర్నాడు పొద్దున్నే లేచి, ఆ చివరి వరుస కింద, నా వంకర అక్షరాలతో రాశాను: ‘జలుబు లేదు. వాసన తెలిసింది. సత్తెమ్మ.’ సిరా ఆరేదాకా ఆగి, పుస్తకం మూసి, ఉప్పల్ చౌరస్తాలో బస్సెక్కాను.