టైల్స్ మేస్త్రీ మోకాలు

విజయవాడలో ఒక ఆసుపత్రి ఎముకల విభాగంలో నేను అసోసియేట్ ప్రొఫెసర్‌గా చేరిన ఏడాది, వానాకాలం మొదట్లో, ప్రభుదాసు వచ్చాడు. ఇబ్రహీంపట్నంలో టైల్స్ మేస్త్రీ. బెంజ్ సర్కిల్ దగ్గర బైక్ జారి పడ్డాడు. తొడ ఎముకనూ కాలి ఎముకనూ మోకాలి లోపల పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ పూర్తిగా తెగింది. నాలుగడుగులు వేస్తే మోకాలు మడత పడిపోయేది.

తెగినదాన్ని కుట్టి అతికించడం సాధారణంగా కుదరదు. రోగి ఒంట్లోంచే ఒక టెండన్‌ను, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి దాన్ని తీసి, ఎముకల్లో సొరంగాలు తొలిచి బిగిస్తాం. దాన్నే గ్రాఫ్ట్ అంటాం. మోకాలిచిప్ప కింది టెండన్‌ను రెండు చివరలా ఎముక ముక్కలతో సహా తీయడం ఒక పద్ధతి. పట్టు గట్టిగా, త్వరగా కుదురుతుంది. కానీ మోకాళ్ల మీద కూర్చుంటే నొప్పి మిగిలే అవకాశం ఎక్కువ. తొడ వెనకుండే హామ్‌స్ట్రింగ్ టెండన్లు తీయడం రెండోది. ఆ నొప్పి తక్కువ. కాకపోతే గ్రాఫ్ట్ కాస్త సాగే భయం ఉంటుంది, మోకాలు మడిచే బలం కొంత తగ్గుతుంది.

మా విభాగాధిపతి అందరికీ మొదటి పద్ధతే చేయించేవారు. నేను రెండూ ప్రభుదాసుకు వివరించాను.

"మోకాళ్ల మీద కూర్చోలేకపోతే నాకు పనెక్కడిదండీ? రెండోదే చేసెయ్యండి మేడం," అన్నాడు.

కేసుల సమావేశంలో అందరి ముందూ విభాగాధిపతి నా మీద మండిపడ్డారు.

"మేస్త్రీని అడిగి ఆపరేషన్ చేస్తావా? రేపు అది సాగితే ఎవరిది బాధ్యత?"

"నాదే సార్. మొదటిదే చెయ్యాలంటే మీరు చెయ్యండి, నేను కత్తి పట్టను," అన్నాను. పక్కనున్న మత్తు డాక్టరమ్మగారు కూర్చోమని నా కొంగు లాగారు. కూర్చోలేదు. చివరికి ఆయన, "నీ పేరు మీదే చేసుకో," అని లేచి వెళ్లిపోయారు.

హామ్‌స్ట్రింగే వాడాను. నెలల తరబడి ఫిజియోథెరపీ చేశాక ప్రభుదాసు పనిలోకి వెళ్లాడు. ఆ కాలు మునుపటంత బలంగా లేదన్నాడు. మోకాళ్ల మీద మాత్రం పూటంతా ఉండగలుగుతున్నాడు. ఈలోగా నన్ను మోకాలి ఆపరేషన్ల నుంచి తప్పించి, కట్లు కట్టే ఓపీలో కూర్చోబెట్టారు. క్షమాపణ చెబితే చాలని కబురొచ్చింది. చెప్పలేదు.

తర్వాత ఒక ఫుట్‌బాల్ క్రీడాకారిణి కేసుకు, డాక్టర్లు చాలక నన్నే పిలిచారు. ఆ అమ్మాయితో మాట్లాడి వచ్చి, మోకాలిచిప్ప కింది టెండనే తీస్తానన్నాను.

"ఇప్పటికి దారికొచ్చావమ్మా," అన్నారాయన.

"ఆ పిల్ల పరిగెత్తాలి సార్. టైల్స్ వెయ్యక్కర్లేదు," అన్నాను.

ఏ గ్రాఫ్ట్ మంచిదని వాదించే ముందు, ఆ మనిషి రేపు ఆ కాలితో ఏం చెయ్యాలో అడగాలి. వచ్చిన జవాబు పైవాళ్లకు నచ్చకపోయినా దాని ప్రకారమే కత్తి పట్టాలి.