బోర్డు మీద చిన్ను రేటు

నిన్న పొద్దున "సమ్మయ్య కాకా ఇక లేడు" అని మెసేజ్ వచ్చింది.

కాకా నంబర్ నుంచే.

ఏది నొక్కితే ఏది ఫార్వర్డ్ అవుతుందో తెలియని మనిషి, మళ్లీ ఏదో పంపాడులే అనుకున్నా. కాసేపటికి అదే నంబర్ నుంచి ఆయన కొడుకు ఫోన్ చేశాడు. మెసేజ్ పెట్టింది తనేనన్నాడు.

తెలియనివాళ్లకు చెబుతున్నా. వరంగల్ మిర్చి మార్కెట్లో రైతుల సరుకు కమిషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి షాపులో నేను చీటీలు రాస్తాను. కాకా అక్కడే కాంటా మీద బస్తాలు తూచేవాడు.

ఎనిమిదేళ్ల కిందట, సరిగ్గా సీజన్లో, మా మూడేళ్ల చిన్నుకు జ్వరం. మా ఆయన లారీ మీద నాగపూర్‌లో ఉన్నాడు. లీవ్ అడిగితే షాపు సేటు "మిర్చి అయిపోయినంక తీస్కో అమ్మా" అన్నాడు.

జ్వరం అంతదాకా ఆగుతుందా?

"పోరన్ని ఈడికే తోల్కరా బిడ్డా. వేలంపాట అయ్యేదాంక నాకు కాంటా లేదు, నేను జూస్త" అన్నాడు కాకా.

షాపు పైన రైతులు పడుకునే గది ఉంది. ఘాటు రాకుండా కిటికీకి తడి తువ్వాల కట్టి వాణ్ని పడుకోబెట్టాడు. గంటగంటకూ టెంపరేచర్ చూడమని, నూట మూడైతే ఆలస్యం చేయొద్దని డాక్టర్ చెప్పాడు.

నాకేమో పాట టైంలో ఫోన్ ముట్టొద్దని రూల్!

షాపు ముందు రేట్ల బోర్డు నా కుర్చీలోంచి కనిపిస్తుంది. కాకా మోకాళ్లు పట్టుకుని మెట్లు దిగొచ్చి, తేజ, చపాట మిర్చి రకాల రేట్ల కింద చాక్‌పీస్‌తో రాశాడు:

చిన్ను – 102

కేసముద్రం రైతు ఒకాయన బస్తా మీద నుంచి లేచాడు. "ఈ చిన్ను రకం ఏడిదే? నూటరెండేనా? గింత అగ్గువైతే మందుల ఖర్సు గూడ ఎల్లదు!"

"అది మిర్చి గాదు, మా పోరడు. మందులు నడుస్తానయి. రేటు దిగాలెనని మొక్కుకో."

అంతే, యార్డంతా ఆ బోర్డే చూడటం మొదలుపెట్టింది. గంట తర్వాత కాకా 103 అని రాశాడు. నా చేతిలో పెన్ను ఆగిపోయింది. సేటు బోర్డు చూసి తన బండి తాళం కాకా చేతికి విసిరాడు. "చీటీలు నేను రాసుకుంట. పోరన్ని దవాఖానకు తీస్కపోండ్రి!"

ఆ రోజు సేటు రాసిన చీటీలు సరిచేయడానికి నాకు వారం పట్టింది.

మూడో రోజు బోర్డు మీద 98. రేటు పడిందని రైతులు చప్పట్లు కొట్టింది నా సర్వీసులో అదొక్కసారే.

పోయిన వారం కాకా జ్వరంతో దవాఖానలో చేరాడు. మళ్లీ సీజన్, మళ్లీ నాకు కదలడానికి లేదు. చిన్నుకిప్పుడు పదకొండేళ్లు. రోజూ వాళ్ల నాన్నతో పోయి చూసి, వచ్చి బోర్డు మీద రాసేవాడు:

కాకా తాత – 101

రైతులు దిగిందా అని అడుగుతూనే ఉన్నారు. దిగలేదు.

ఈ పొద్దున బోర్డు మీద పాత మిర్చి రేట్లు తుడిచి కొత్తవి రాశాం. కింద కాకా తాత లైను తుడవడానికి సేటుకు కూడా చేతులు రాలేదు.

కాకా, ఇక మెట్లు ఎక్కే పని లేదు, నిమ్మళంగా పడుకో. నీ ఆత్మకు శాంతి కలగాలి.

చిన్ను రేటు నార్మలే. ఫికర్ చేయకు.