ఎదుటి వకీలు లేచి నిలబడిన సోమవారం

కోటగిరి దగ్గర మాకు ఎకరం ముప్పై గుంటల మడి ఉంది. దానికి నీళ్లు మా పాలివాడి, అంటే దాయాది పొలం అంచున ఉన్న పిల్లకాలువలో రావాలి. అతను దాన్ని పూడ్చబోతే బోధన్ కోర్టులో దావా వేశాను. తీర్పు వచ్చేదాకా కాలువ ముట్టవద్దని కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. దావా కొట్టేస్తే ఆ ఉత్తర్వూ పోతుంది. ఆ సోమవారం నాటికి నా నారు ఇరవై రెండు రోజులది, వారంలోగా నాటెయ్యాలి.

పదకొండో వాయిదా నాడు వకీళ్లు విధులు బహిష్కరించి గేటు దగ్గర కూర్చున్నారు. నేను లోపల బెంచీ మీద ఉన్నాను. జడ్జి మేడం నా వైపు చూసి, "వచ్చే సోమవారం మీ సాక్ష్యం. ఇదే ఆఖరి గడువు" అన్నారు. రాసుకున్నాను. బహిష్కరణ నాడు వకీళ్ల గుమాస్తాలు కూడా లోపలికి రారు. తేదీలు ఒకరి డైరీ చూసి ఒకరు ఎక్కించుకుంటారు. మా వకీలు గుమాస్తా అలాగే బుధవారం అని రాసుకున్నాడు.

"సోమవారం అన్నరు బిడ్డా" అన్నాను.

"అవ్వా, ముప్పయ్యేండ్ల సంది గిదే పని జేస్తున్న. నాకు తారీఖులు నువ్వు జెప్తవా?" అని నవ్వాడు.

సోమవారం పదింటికే వెళ్లాను. పదకొండుంబావుకు బంట్రోతు నా పేరు మూడుసార్లు పిలిచాడు. ఒక్కదాన్నే లేచాను.

"మీ వకీలు గారేరమ్మా? ఆఖరి గడువని చెప్పాను కదా?"

"ఆయన డైరీల బుధవారం పడ్డది మేడం. నేను వచ్చిన."

మేడం కలం అందుకున్నారు. పాలివాడి వకీలు ఊరుకుంటే చాలు, దావా పోయేది. ఆయన లేచి, "వాది తరఫు వకీలు నిజామాబాద్ జిల్లా కోర్టులో ఉన్నారు మేడం. మధ్యాహ్నం పిలవండి, వస్తారు" అన్నాడు. ఆయన ఎవరి వకీలో నాకు ఒక క్షణం అర్థం కాలేదు. మేడం రెండున్నరకు పిలుస్తామన్నారు.

వరండాలో పాలివాడు ఆయన మీద పడ్డాడు. "సార్, నువ్వు నా వకీలువా, ముసల్దాని వకీలువా?"

"నీ వకీల్నే. కొట్లాడేది కొట్లాడ్త. మనిషి రాలేదని కేసు గొట్టేపిచ్చుడు నాతోని గాదు. రేపు నేను రాకుంటె ఆయన గూడ గిట్లనే లేస్తడు."

"గట్లయితె మీరు మీరు ఒకటే!"

"మరి ఒక్క బార్ రూంల గూసుంటం గద" అంటూ ఆయనే ఫోన్ తీసి మా వకీలుకు చేశాడు.

మా వకీలు రెండుంబావుకు దిగాడు, మెడపట్టీ కట్టుకుంటూ. వెనకాల గుమాస్తా నా మొహం చూడలేదు.

రెండున్నరకు బోనెక్కాను. పొద్దున నాకోసం లేచిన మనిషే నలభై నిమిషాలు నన్ను వదల్లేదు.

"కాలువ వెడల్పెంత?"

"రెండున్నర అడుగులు. పొడవు నూటపన్నెండు. నేనే కొలిచిన."

"దావా వేయకముందా, వేసినంకనా?"

వేశాక అయిదో రోజు. దావాలో రాయించిన కొలత అందాజుది. అబద్ధం నోటిదాకా వచ్చింది. "వేసినంక" అన్నాను. ఆయన కూర్చున్నాడు. మా వకీలు నుదురు రుద్దుకున్నాడు.

బయట ఇద్దరూ ఒకచోటే చాయ్ తాగుతున్నారు. నన్ను చూసి ఎదుటి వకీలు, "చానా సతాయించిన, ఏమనుకోకు అవ్వా" అన్నాడు.

"కేసు నిలబెట్టింది మీరే. అడగొద్దంటె ఎట్ల సార్?" అన్నాను.

తీర్పు ఇంకా రాలేదు. కొలత గురించి నేనన్న మాట ఎటు తూగుతుందో మా వకీలే చెప్పలేకపోతున్నాడు. ఉత్తర్వు మాత్రం నిలిచింది. గురువారం పదహారు మంది కూలీలు వచ్చారు. మడి నిండా నీళ్లుండగా, పొద్దుగూకేలోపల నాటు ముగిసింది.