వంతెన దగ్గర ఖాళీ చోటు

1984 జూన్ 9న నైరీ పుల్లర్ ఒక నక్షత్రం ఆరి మళ్లీ వెలగడాన్ని పట్టుకుంది. అంతకుముందు పదకొండుసార్లు మబ్బు పట్టి ఉత్త చేతులతో లేచింది. పన్నెండోసారి నక్షత్రం మాయం కాగానే "పోయింది" అంది, కనబడగానే "వచ్చింది" అంది. మధ్య ఏడు సెకన్లు. ఆ రెండు మాటలూ క్యాసెట్లో ఉన్నాయి. స్కూలు బస్సు నడిపే మనిషి చేసిన పని అది. న్యూజిలాండ్‌లోని మా నేజ్‌బీ ఊళ్లో అంతకుముందు ఎవరూ చేయలేదు. ఆ తర్వాత లెక్కలు కట్టేవాళ్లకు ఆమె పంపిన ఇలాంటి కొలతలు నూట ముప్పై రెండు.

ఆ రోజు నక్షత్రానికి అడ్డొచ్చింది ఒక చిన్న గ్రహశకలం. చెప్పిన దారిన రాదని, కుందేళ్లు పట్టే ఆమె భర్త లిండ్సే దానికి 'గొర్రె' అని పేరు పెట్టాడు. 2006లో అది మళ్లీ వచ్చినప్పుడు నైరీ ఇంటి వెనక, లిండ్సే పద్దెనిమిది కిలోమీటర్ల అవతల వంతెన దగ్గర కాపు కాశారు.

"డ్రైవరమ్మా, నీ నక్షత్రం పోయింది. నాది పోనేలేదు. ఊరికే చలికి బిగుసుకుపోయాను."

"పోలేదనే రాయి, ముసలాయనా. అదీ కొలతే."

"కనబడనిదాన్ని కూడా రాయాలా?"

"దొరకని కుందేలు గురించి నువ్వు గంటసేపు చెప్పవూ?"

ఆ రెండు కొలతలను బట్టి గొర్రె నీడ అంచు ఎక్కడ పడిందో తెలిసింది, అది తన దారి నుంచి కాస్త పక్కకు జరిగిందని తేలింది. కంటికి కనబడని బరువేదో, పండితులు కృష్ణపదార్థం అనేది, దాన్ని లాగుతోందేమో. మూడోసారి కూడా రెండు చోట్ల నుంచీ చూస్తే తెలుస్తుందని వెల్లింగ్టన్‌లో లెక్కలు కట్టే టీనా చెప్పింది.

మూడోసారి 2024 జూలైలో వచ్చింది. మే నెలలోనే ఊపిరితిత్తుల జబ్బుతో లిండ్సే పోయాడు.

"వంతెన దగ్గర నేను నిలబడతా, నైరీ," అన్నాడు పక్కింటి డగ్.

"అది లిండ్సే చోటు," అంది. ఇంటి వెనక టెలిస్కోపు మీద గుడ్డ కప్పి, వంతెన దగ్గరికి తనే వెళ్లింది. అలవాటుగా ఇద్దరికీ చీజ్ రోల్స్ పొట్లం కట్టుకుంది. గొర్రె రావాల్సిన వేళ అయింది, దాటింది. నక్షత్రం వెలుగుతూనే ఉంది. రికార్డరులో ఆమె గొంతు లేదు, వాగు చప్పుడే ఉంది.

వంతెన: పోలేదు. ఇల్లు: ఎవరూ లేరు. అలాగే రాసి పంపింది.

టీనా ఫోన్ చేసింది. "దాని నీడ మీ ఇంటి మీదుగానే వెళ్లుంటుందండీ. కానీ చూసినవాళ్లు లేరుగా. తేల్చలేం."

"తప్పు నాదేనమ్మా. డగ్ మాట వినాల్సింది. మళ్లీ ఎప్పుడు?"

టీనా చెప్పిన తేదీని ఆమె ఆ పాత క్యాసెట్ అట్ట మీద రాసింది: 2041 ఆగస్టు 17. దాని కింద, ఆ రోజు కాపు కాయాల్సిన మనిషిగా, డగ్ మనవరాలి పేరు రాసింది.